పాత చీటీ

రోగాలు రెండు రకాలు. వచ్చిపోయేవి ఒకటి, వచ్చి వుండిపోయేవి ఇంకొకటి. మన పెద్దల వైద్యానుభవం చాలావరకు మొదటి రకానికి సంబంధించింది. జ్వరం వచ్చేది, లంఖణాలు చేసేవారు. డాక్టరు ఇచ్చిన సీసాకు కాగితపు గీతలు అంటించి వుండేవి, గీతకొక మోతాదు చొప్పున మిక్స్చరు తాగేవారు. ఆ తర్వాత బీరకాయ కూరతో పథ్యం పెట్టేవారు. మనిషి లేచి తిరిగేవాడు, లేకపోతే పోయేవాడు. ఏదైనా మూడు నాలుగు వారాల్లో తేలిపోయేది.

ఇప్పుడు అలా తేలని రోగాలు ఇంటింటా వున్నాయి. రక్తపు పోటు, చక్కెర, థైరాయిడ్, కీళ్ళవాతం, మూర్ఛ, ఉబ్బసం - ఇవి నయం కావు. మందు వేసుకున్నన్నాళ్ళూ మనిషిని చంపనూ చంపవు. మందు వేసుకుంటే అతను మామూలు మనిషి, ఆపితే రోగి. అంటే మందు రోగం పద్దులోంచి తప్పుకుని నెల సరుకుల పద్దులోకి వచ్చిందన్న మాట. బియ్యం, కందిపప్పు, నూనె, కొళాయి పన్ను, బీ.పీ. బిళ్ళలు. పప్పు లేకపోతే పచ్చడి వేసుకుని నెల గడపవచ్చు. బిళ్ళలకు పచ్చడి లేదు.

మన సాహిత్యం ఈ మార్పును గమనించినట్టు కనిపించదు. మన కథల్లో రోగం ఇంకా పాత పనులే చేస్తున్నది. కథానాయిక క్షయతో దగ్గి దగ్గి పోతుంది. పేదవాడి బిడ్డ డాక్టరు ఫీజు లేక తెల్లవారేలోగా కన్నుమూస్తుంది. అభ్యుదయ కథకులం మనం కూడా ఈ రెండో చావును యథాశక్తి వాడుకున్నాం. నేను దాన్ని తప్పుపట్టటం లేదు, ఆ చావులు నిజంగా జరిగినవే. కాని నెలనెలా మందులు కొనుక్కుంటూ, అప్పుడప్పుడు పది రోజులు మానేస్తూ, ముప్ఫై ఏళ్ళు బతికే మనిషి మన కథల్లో ఎక్కడున్నాడు? అతను చావటం లేదు గనక అతనిలో కథ లేదనుకున్నాం కాబోలు. దోపిడీ చావు దగ్గర మటుకే కనిపిస్తుందనుకోవటం మంచి వాస్తవికత కాదు.

నెల మొదటి వారంలో సాయంత్రంపూట మందుల షాపు ముందు అరగంట నిలబడితే చాలా సంగతులు తెలుస్తాయి. అక్కడికి వచ్చేవాళ్ళలో ఆ రోజు రాసిన చీటీ తెచ్చేవాళ్ళు తక్కువ. ఎక్కువమంది చేతుల్లో పాత చీటీలుంటాయి. మడతల దగ్గర చిరిగి, వెనక టేపు అంటించుకుని, చెమటకు సిరా అలికిపోయిన కాగితాలు. కొందరు ముందుచూపుతో దాన్ని ప్లాస్టిక్ కాగితంలో పెట్టి ఇస్త్రీ చేయిస్తారు, పట్టాదారు పాసు పుస్తకం లాగా. చీటీ పోయినవాళ్ళు ఖాళీ షీటు తెస్తారు. కుర్రవాళ్ళు సెల్‌ఫోనులో బొమ్మ చూపిస్తారు. ఏదీ లేని ముసలమ్మ, "తెల్లది, చిన్నది, మధ్యన గీత వుంటుంది నాయనా" అంటుంది. షాపు కుర్రవాడు ఒక్క క్షణం ఆమె ముఖం చూసి, "బీ.పీ.కా మామ్మగారూ, కాళ్ళవాపుకా?" అని అడిగి, ఒక సొరుగు లాగి, బిళ్ళ చూపించి, "ఇదేనా?" అంటాడు. ఆమె తలూపుతుంది. వైద్యశాస్త్రం ఆ తలూపుడు మీద నడుస్తున్నది.

ఇంకొక సంగతి. నెలకు సరిపడా కొనేది ఉద్యోగస్తులూ, పెన్షనుదార్లూ. కూలి చేసుకునేవాడు నెల మందులు ఒక్కసారి కొనడు. అయిదు బిళ్ళలు అడుగుతాడు, ఆరు బిళ్ళలు అడుగుతాడు. కుర్రవాడు కత్తెరతో షీటు కత్తిరించి ఇస్తాడు. మందు పేరూ, గడువు తేదీ, బ్యాచి నంబరూ ముద్రించిన ముక్క ఎవరో ఒకరి వాటాకు వెళుతుంది. మిగిలినవాళ్ళకు వచ్చేది పేరులేని బిళ్ళలు. వాటిని కాగితపు కవరులో వేసి, పైన "1-0-1" అని రాస్తాడు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం సున్న, రాత్రి ఒకటి అని దాని అర్థం. చదువురానివాళ్ళు కూడా ఈ లిపి నేర్చుకున్నారు. అదీ మన ప్రజల తెలివి.

చట్టం ఏమంటున్నదో చూద్దాం. 1940 నాటి ఔషధ చట్టం కింద 1945లో నిబంధనలు చేశారు. వాటిలో 65వ నిబంధన మందులు అమ్మేవాళ్ళకు సంబంధించింది. అందులో షెడ్యూల్ హెచ్ అనే జాబితా ప్రస్తావన వుంది. బీ.పీ., షుగరు మందుల్లో చాలా భాగం ఆ జాబితాలోవే. ఈ మందులు రాసిన చీటీ మీద ఒక్కసారి మటుకే మందు ఇవ్వాలి. మళ్ళీ ఇవ్వవచ్చునని డాక్టరు చీటీ మీద రాస్తే మళ్ళీ ఇవ్వవచ్చు. ఎన్నిసార్లో, ఎంత వ్యవధికొకసారో రాస్తే ఆ ప్రకారమే ఇవ్వాలి. ఇచ్చిన ప్రతిసారీ డాక్టరు సంతకానికి పైన అమ్మినవాడి పేరూ, చిరునామా, తేదీ వెయ్యాలి. చదివితే చాలా తెలివైన నిబంధనే. ఇంట్లో ఎన్ని బిళ్ళలు చేరాయో, ఎవరిచ్చారో, ఎప్పుడిచ్చారో ఆ కాగితమే సాక్ష్యం చెబుతుంది.

నేను చూసిన చీటీల్లో "మళ్ళీ ఇవ్వవచ్చు" అని రాసినది ఒక్కటీ లేదు. అన్నింటిమీదా అడుగున వుండే మాట ఒకటే - నెల తర్వాత మళ్ళీ రమ్మని. చట్టాన్నీ ఈ మాటనూ కలిపి చదివితే, బీ.పీ. వున్న ప్రతి మనిషీ బతికినన్నాళ్ళూ నెలకొకసారి డాక్టరును దర్శించుకోవాలని తేలుతుంది.

వెళ్ళగలడా? పల్లెలో వుండే వ్యవసాయ కూలీ లెక్క వేసుకుంటాడు. బస్సు చార్జీ రానూ పోనూ, డాక్టరు ఫీజు, అక్కడ తప్పక చేయించమనే రక్తపరీక్ష, వీటన్నిటినీ మించి ఆ రోజు కూలి. వెళితే డాక్టరు నిమిషంలో "అవే వాడండి" అంటాడు. ఆ రెండు మాటల కోసం అంత ఖర్చు పెట్టటం తెలివితక్కువని అతను అనుకుంటాడు. అతని పరిస్థితిలో అది తెలివితక్కువే. అందువల్ల పాత చీటీ పట్టుకుని షాపుకు వెళతాడు. ఒక ఏడు గడుస్తుంది, నాలుగేళ్ళు గడుస్తాయి. ఈలోగా అతని మూత్రపిండాలు మారతాయి, బరువు మారుతుంది, వయసు మారుతుంది. చీటీ మారదు.

ఇక్కడ మందుల షాపువాణ్ణి దొంగ అని తిట్టటం చాలా సులువు. మన పత్రికల్లో చాలామంది ఆ పని చేశారు. అతనిలో వ్యాపారి వున్నాడు, కాదనను. ఏ కంపెనీ ఎక్కువ కమిషనిస్తుందో అతనికి తెలుసు. గోడమీద అద్దం కట్టించిన ఫార్మసిస్టు సర్టిఫికేటు వుంటుంది, ఆ సర్టిఫికేటు గల మనిషి చాలా షాపుల్లో కనిపించడు. 1948 నాటి ఫార్మసీ చట్టం ప్రకారం మందు చేతికి ఇవ్వవలసింది ఆ మనిషే. ఇచ్చేది మటుకు పన్నెండు గంటలు నిలబడి వుండే కుర్రవాడు. కాని అదే షాపువాడు ఫీజు లేకుండా బీ.పీ. చూస్తాడు. "ఈసారి డాక్టరుగారికి చూపించుకోండి బాబాయిగారూ, అంకె బాగాలేదు" అని చెబుతాడు. జీతాలు ఆలస్యమైన నెలలో అరువు పెడతాడు. అరువు పెట్టిన డాక్టరును నేను చూడలేదు. జనం అతని దగ్గరికి వెళ్ళేది మోసపోవటానికి కాదు, ఆ వీధిలో వైద్యవ్యవస్థ అనేది మిగిలి వుంటే అది అతనే గనక.

ఇదంతా ఇలా సాగిపోతే సాగిపోవచ్చు, ఎనిమిదిసార్లు, తొమ్మిదిసార్లు ఏమీ కాదు. పదోసారి ఏమవుతుందో మా యింట్లోనే చూశాం.

మా అక్కయ్యకు కీళ్ళవాతం. వేళ్ళు వంకరపోయే రకం. పట్నంలో పెద్ద డాక్టరు మెథోట్రెక్సేట్ అనే మందు రాశాడు. అది వారానికి ఒక్కరోజు వేసుకోవలసిన మందు. అదే మందును పెద్ద మోతాదుల్లో క్యాన్సరుకు వాడతారు. కీళ్ళవాతానికి వారానికొక చిన్న మోతాదు చాలు. దాని దుష్ఫలితాలు తగ్గటానికి వేరే రోజున ఫోలిక్ ఆసిడ్ వేసుకోవాలి. ఆమె రెండేళ్ళు సోమవారం ఒకటి, మంగళవారం ఒకటి వేసుకుని బాగానే వుంది. మూడో ఏట ఆమె పల్లెలో వుండగా మందులు అయిపోయాయి. పక్కింటి అబ్బాయి చీటీ తీసుకుని పక్క టౌనుకు వెళ్ళాడు. అక్కడి షాపులో వేరే కంపెనీవి ఇచ్చారు. రెండూ పసుపుపచ్చ బిళ్ళలే, రెండూ చిన్నవే. కత్తిరించి రెండు కవర్లలో వేశారు. రెండు కవర్ల మీదా అలవాటు చొప్పున "1-0-0" అని రాశారు.

అక్కయ్య మంచి క్రమశిక్షణ గల రోగి. కవరు మీద ఎలా వుంటే అలా వేసుకుంది. మందు మారింది గనక పద్ధతి కూడా మారిందనుకుంది. ఎనిమిదో రోజుకు నోరంతా పుళ్ళు, మంచినీళ్ళు మింగలేకపోయింది. పదో రోజుకు జ్వరం. ఆసుపత్రిలో రక్తం చూస్తే తెల్లకణాలు అడుగంటి వున్నాయి. ఫోలినిక్ ఆసిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు, రెండు వారాలు వుంచుకున్నారు. బతికింది. అలా బతకనివాళ్ళున్నారని అక్కడి డాక్టరే చెప్పాడు.

తర్వాత మా బంధువర్గంలో జరిగిన విచారణ గమనించదగింది. మొదట అందరూ అక్కయ్యను తప్పుపట్టారు: రెండేళ్ళుగా వేసుకుంటున్న మనిషి, ఆమాత్రం తెలియదా? ఆ తర్వాత పక్కింటి అబ్బాయిని: అడిగి తీసుకురావద్దా? ఆ తర్వాత షాపు కుర్రవాణ్ణి. చివరికి మా పెద్దత్తయ్య, గ్రహస్థితి బాగాలేదని తేల్చింది, దాంతో విచారణ ముగిసింది. మూడేళ్ళ కిందటి చీటీ మీద "వారానికి ఒకసారి" అన్న మాటను రెండు ఇంగ్లీషు అక్షరాలతో, ఎవరికీ తెలియని పొడి రూపంలో రాసిన మనిషి పేరు ఎవరూ ఎత్తలేదు. షీటు మీద ఒక్క తెలుగు అక్షరం లేకుండా మందు అమ్ముకున్న కంపెనీ పేరూ ఎత్తలేదు. మన తీర్పులెప్పుడూ కిందినుంచి మొదలై, పైకి పోయేలోగా అలిసిపోతాయి.

ఇందులో ఒక విశేషముంది. ఆ రెండు కవర్లలోని రెండు మందులూ ఒక తెలుగువాడి ప్రయోగశాలలోంచి వచ్చినవే. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్న స్ప్రూ జబ్బుతో చనిపోయాడు. ఆ తర్వాత సుబ్బారావు అమెరికా వెళ్ళి, లెడర్లీ కంపెనీ పరిశోధనశాలలో పనిచేశాడు. అక్కడ ఆయన నాయకత్వంలోనే 1940ల్లో ఫోలిక్ ఆసిడ్‌ను కృత్రిమంగా తయారుచేశారు. దానికి విరుగుడుగా పనిచేసే పదార్థాలు వెతుకుతూ మెథోట్రెక్సేట్ దాకా వచ్చారు. 1948లో ఆయన పోయాడు. 1995లో మన ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ వేసింది. తెలుగువారి మేధస్సు గురించి ఉపన్యాసాలిచ్చేటప్పుడు ఆయన పేరు తప్పకుండా వస్తుంది, వినటానికి నాకూ బాగానే వుంటుంది. కాని ఆయన కనిపెట్టిన బిళ్ళ భీమవరం పక్క పల్లెకు తిరిగి వచ్చేసరికి, దాని మీద "వారానికి ఒక్కసారి మాత్రమే" అని తెలుగులో రాయటానికి చోటు దొరకలేదు.

బ్రిటన్‌లో వుండే మావాళ్ళు అక్కడి పద్ధతి చెబుతారు. అక్కడ 1948 జూలై 5న జాతీయ ఆరోగ్య సర్వీసు మొదలైంది. ఎడతెగని రోగాలవాళ్ళకు డాక్టరు మళ్ళీమళ్ళీ ఇవ్వదగిన మందుల జాబితా పెడతాడు. రోగి ప్రతిసారీ డాక్టరు ముందు కూర్చోనక్కర్లేదు. చీటీ కావాలని తెలియజేస్తే అది తయారవుతుంది, తన వీధిలోని మందుల షాపుకే పోతుంది. ఇన్నాళ్ళకొకసారి మందులన్నీ పునర్విచారణ చెయ్యాలని గడువు వుంటుంది. మందు డబ్బా మీద రోగి పేరూ, ఎలా వేసుకోవాలో మాటల్లోనూ అచ్చువేసి అంటిస్తారు. మెథోట్రెక్సేట్ సంగతిలో, వారంలో ఏ రోజున వేసుకోవాలో ఆ రోజు పేరు పూర్తిగా రాయాలని 2020లో అక్కడి ఔషధ సంస్థ చెప్పింది. అంటే అక్కడా మా అక్కయ్యలు వున్నారన్న మాట, లేకపోతే ఆ సంగతి చెప్పవలసిన అవసరం రాదు. అక్కడ అంతా స్వర్గమని నేననటం లేదు. ఆ సర్వీసు పెట్టిన నాలుగేళ్ళకే, 1952లో, చీటీకింతని రుసుం వేశారు. ఇంగ్లండులో అది ఇంకా వుంది, వేల్స్‌లో 2007లో తీసేశారు. తేడా ఎక్కడంటే, మళ్ళీ మందు ఇవ్వటమనేది అక్కడ ఒక పద్ధతి. ఇక్కడ అది ఒక మొహమాటం.

ధరల సంగతి చెప్పకపోతే ఈ మాటలు సగమే. హైదరాబాదులో సోవియట్ సహాయంతో ప్రభుత్వ రంగంలో ఐ.డి.పి.ఎల్. మందుల ఫ్యాక్టరీ పెట్టినప్పుడు, మందు అనేది సరుకు కాకుండా పోతుందని ఆశపడ్డవాళ్ళున్నారు. 1975లో హాథీ కమిటీ, బ్రాండు పేర్లు క్రమంగా తొలగించి మందులను అసలు పేర్లతో అమ్మాలని సిఫారసు చేసింది. ఆ ఫ్యాక్టరీ మూతపడింది, అక్కడ పని నేర్చుకున్నవాళ్ళు హైదరాబాదు చుట్టూ ప్రైవేటు కంపెనీలు పెట్టి ప్రపంచానికి మందులమ్ముతున్నారు. ధరల నియంత్రణ కింద 1979లో 347 మందులుండేవి, 1987లో 142 అయినాయి, 1995లో 74. 2013 ఉత్తర్వుతో మళ్ళీ జాబితా పెంచారు గాని, ధర కట్టే పద్ధతి మార్చారు. అంతకుముందు తయారీ ఖర్చును బట్టి కట్టేవారు. ఇప్పుడు బజారులో నూటికి ఒకటికి తక్కువ కాకుండా అమ్ముడయ్యే బ్రాండ్ల ధరలు కూడి, భాగించి, దానికి చిల్లర వర్తకుడి లాభం 16 శాతం కలుపుతారు. ఎక్కువ తీసుకునేవాళ్ళ ధరలన్నీ కూడి భాగిస్తే న్యాయమైన ధర వస్తుందన్న ఈ గణితాన్ని నేను ఏ బడిలోనూ చదువుకోలేదు.

చవక మందుల షాపులూ వున్నాయి. 2008లో జన ఔషధి పథకం పెట్టారు. ఆ షాపులో అసలు పేరుతో అదే మందు చాలా తక్కువకు దొరుకుతుంది. మా వీధి టీచరుగారు అక్కడే కొంటారు, ఆయనకు ఇబ్బంది లేదు. చీటీ చదివి, బ్రాండు పేరుకు అసలు పేరు ఏదో తెలుసుకోగలరు. తెలియనివాళ్ళ గతేమిటి? చీటీ మీద బ్రాండు పేరుంటుంది. షెడ్యూల్ హెచ్ మందుకు బదులు ఇంకొకటి ఇవ్వకూడదని అదే 65వ నిబంధన చెబుతుంది. ఒకచేత్తో ప్రభుత్వం చవక షాపు తెరిచింది, రెండో చేత్తో అక్కడికి వెళ్ళే దారికి కంచె వేసింది. డాక్టర్లు అసలు పేర్లే రాయాలని 2023 ఆగస్టులో వైద్య కమిషను నిబంధనలు ప్రకటించింది, అదే నెలలో వాటిని ఆపివేసింది. మూడు వారాలు నిలిచిన సంస్కరణ! మా అక్కయ్య విషయంలో కంపెనీ మారటం వల్ల ప్రమాదం వచ్చింది గదా, బదులు మందు వద్దనటమే మంచిది గదా అని మీరనవచ్చు. ఆమెకు హాని చేసింది కంపెనీ మారటం కాదు, మారినప్పుడు చెప్పే మనిషి లేకపోవటం.

ఆ చెప్పే మనిషి అసాధ్యమేమీ కాదు. ఊళ్ళలో ఆశా కార్యకర్తలున్నారు, నర్సులున్నారు. ఆంధ్రలో ఒకప్పుడు నెలకొకసారి 104 బండి ఊరికి వచ్చి బీ.పీ., షుగరు చూసి మందులిచ్చేది. ఆ రోజున రచ్చబండ దగ్గర ముసలివాళ్ళు కార్డులు పట్టుకుని వరసన కూర్చునేవాళ్ళు. అంత చిన్న ఏర్పాటు ఆ కూలీవాడికి ఒక రోజు కూలి మిగిల్చింది. మందులు నిండుకున్న నెలలో అదే బండి ఉత్త చేతులతో వచ్చేది, అదీ చూశాను. అయినా అది వచ్చే రోజు వాళ్ళకు తెలుసు. ఇంటికే మందు పంపుతామని ఇప్పుడు ప్రకటనలు వేసే కంపెనీలు, నెలనెలా తమంత తామే పంపుతామని కూడా అంటున్నాయి. వాళ్ళు బీ.పీ. చూడరు.

ఆసుపత్రి నుంచి వచ్చిన రెండు నెలలకు అక్కయ్యను మళ్ళీ పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాను. ఆయన పరీక్షలు చూసి, మందు మళ్ళీ మొదలు పెట్టవచ్చునన్నాడు. మూడు నెలలపాటు నెలకొకసారి ఇవ్వవచ్చునని చీటీ మీద రాయమనీ, మందు పక్కన "సోమవారం మాత్రమే" అని తెలుగులో రాయమనీ అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి నావంక చూశాడు. కోపం కాదు, ఆశ్చర్యం. ఇరవయ్యేళ్ళ ప్రాక్టీసులో ఇలా ఎవరూ అడగలేదన్నాడు. రాశాడు. "సోమవారం" అని రాయటానికి కొంచెంసేపు పట్టింది, తెలుగు రాసి చాలాకాలమైందట.

మా వీధి షాపులో ఆ చీటీ ఇచ్చి, ఇచ్చినట్టు దానిమీద ముద్ర వెయ్యమన్నాను. కుర్రవాడికి అర్థం కాలేదు. లోపలినుంచి యజమాని వచ్చి చదివి, "అవునండీ, రూలు వుంది" అన్నాడు. ముద్ర కోసం సొరుగులన్నీ వెతికించాడు. దొరికింది గాని సిరా పాడు ఎండిపోయి వుంది. చివరకు తనే పెన్ను తీసుకుని, సంతకానికి పైన షాపు పేరూ, వీధి పేరూ, తేదీ రాశాడు. పసుపు బిళ్ళలున్న కవరు మీద "1-0-0" అని రాయబోతున్న కుర్రవాడి చెయ్యి పట్టుకుని ఆపి, "సోమవారం అని రాయరా" అన్నాడు.